యలమంద పోసిన ఎర్ర ఆయిల్

గుంటూరు దాటగానే చిలకలూరిపేట రోడ్డు మీద యలమంద షెడ్డు ఉండేది. పత్తి లారీలు, మిర్చి వ్యాన్లు, జీపులు ఏవి ఆగిపోయినా అతని దగ్గరికే తెచ్చేవాళ్లు. చప్పుడు విని జబ్బు చెప్పేస్తాడని పేరు.

రెండువేల ఆరులో కరీమున్ టీచర్ తన కారు సర్వీసింగ్‌కి తెచ్చింది. పోలియో వల్ల ఆమెకు ఎడమ కాలు పనిచేయదు. క్లచ్ లేని ఆటోమేటిక్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కుని, పెదనందిపాడు పక్కన పల్లెలో ఉన్న బడికి తనే నడుపుకుంటూ వెళ్లేది.

యలమంద గేర్‌బాక్స్ ఆయిల్ తీసి చూశాడు. నల్లగా మాడిపోయి ఉంది. ఆ కారు గేర్‌బాక్స్‌లో ఇనుప బెల్టు ఉంటుంది కాబట్టి దానికని చేసిన ఆయిలే పోయాలనీ, అది మద్రాసు నుంచి రావడానికి పది రోజులు పడుతుందనీ స్పేర్‌పార్ట్స్ షాపువాడు చెప్పాడు. అన్నాళ్లు ఆగమంటే ఈ పని తనకు తెలియదని ఆమె అనుకుంటుందేమోనని, వేరే ఆటోమేటిక్ కార్లకు పోసే ఎర్ర ఆయిల్ డబ్బా విప్పాడు.

"ఇది దీనికి సరిపోతుందా యలమంద గారూ?" అని ఆమె అడిగింది.

"ఆటోమేటిక్ ఆయిల్ అంటే అన్నీ ఒకటే మేడం. మీకెందుకు, నేనున్నా కదా!"

నెల తిరక్కుండానే ఆ కారుని లారీకి కట్టి లాక్కొచ్చారు. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను అరుస్తోంది గానీ బండి కదలడం లేదు. గేర్‌బాక్స్ విప్పి చూస్తే లోపలి బెల్టు పట్టు దొరక్క జారి జారి అరిగిపోయింది. తను పోసిన ఆయిల్ వల్లేనని చూడగానే అతనికి అర్థమైంది.

"నేనే సరిగా నడపలేదేమోనండీ. ఆడదానికి కారెందుకని మా అన్నయ్య మొదట్నుంచీ అంటూనే ఉన్నాడు," అంది కరీమున్ తల దించుకుని.

అప్పుడైనా చెప్పాల్సింది. "పాత బండి కదా మేడం, అంతే," అన్నాడు యలమంద.

కారు షెడ్డు వెనక పడింది. ఒకరోజు బస్టాండులో ఆమె కనపడింది. కండక్టర్ ఆమె చంకల కింద చేతులేసి బస్సులోకి లాగుతున్నాడు. ఆమె చేతికర్ర జారి కింద పడింది. ఎవరో తీసిచ్చారు. ఆమె ఎవరి వైపూ చూడలేదు.

మర్నాడు ఆదివారం. యలమంద ఆమె ఇంటికెళ్లి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"తప్పు మీది కాదు మేడం. నేను పోసింది మీ కారుకి పనికిరాని ఆయిల్. తెలిసే పోశాను. తర్వాత అబద్ధం కూడా చెప్పాను."



"ఇన్నాళ్లూ మా అన్నయ్య అన్నది నిజమేననుకున్నాను. తెలుసా మీకు?" అంది కరీమున్.

యలమంద మద్రాసు వెళ్లాడు. పాత కార్లు విప్పే వీధులన్నీ తిరిగి, అదే రకం గేర్‌బాక్స్ తన ఖర్చుతో కొని తెచ్చి బిగించాడు. ఆయిల్ పోసే ముందు డబ్బా ఆమె చేతికిచ్చాడు. దాని మీద పేరు రెండుసార్లు చదువుకుని, తల ఊపింది.

కారు నడిచింది. మళ్లీ మాత్రం ఆమె అతని షెడ్డుకి రాలేదు, సర్వీసింగ్ గుంటూరు ఊళ్లో, బ్రాడీపేటలో చేయించుకునేది. పొద్దున్నే ఆ కారు షెడ్డు ముందు నుంచి వెళ్తుంటే, యలమంద చేతిలో పని లేకపోయినా లారీ కిందకి దూరేవాడు.