కరీం మావయ్య చెప్పని జవాబులు

ఈ ఉదయం పేపరు వానకి తడిసి వచ్చింది. ఫ్యాను కింద పరిచి ఆరబెడుతుంటే తడి కాగితమూ సిరా కలిసిన వాసన గదంతా పరుచుకుంది. ఆ వాసనకి కరీం మావయ్య గుర్తొచ్చాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. పేపర్లో రోజూ వచ్చే పదాల పజిలు నింపడం నాకు నేర్పిన మనిషి. నేర్పాడు అంటున్నాను గానీ, నిజం చెప్పాలంటే ఒక్క జవాబూ ఆయన నోటితో చెప్పలేదు. ఆ రోజుల్లో అందుకు నాకు ఒళ్లు మండిపోయేది.

వన్ టౌన్‌లో మా ఇంటిని ఆనుకునే ఆయన దుకాణం. పడవలకు తాళ్లూ, లారీలకు టార్పాలిన్లూ అమ్మేవాడు. పోర్టులో క్రేన్ నడిపే మా నాన్న ఆయన్ని బావా అని పిలిచేవాడు కాబట్టి నాకు మావయ్య. డెబ్బైల చివర్లో నేను డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్నాను. పొద్దున్న బేరాలు మొదలవకముందే దుకాణం అరుగు మీద పేపరు పరుచుకుని ఇద్దరం కూర్చునేవాళ్లం. అడ్డం ఆధారాలు నావి, నిలువువి ఆయనవి. ఎక్కడైనా ఆగిపోతే సాయం అడగొచ్చు. కానీ ఆయన సాయానికి ఒక పద్ధతి ఉండేది. నాకు కావలసిన మాట చెప్పేవాడు కాదు. దాన్ని దాటుకుంటూ పోయే నిలువు మాట ఏదో వెతికి నింపేవాడు. దాంతో నా గళ్లలో ఒక అక్షరం వచ్చి పడేది. ఆపైన నా తిప్పలు నావి.

ఒకసారి 'మబ్బు పట్టిన రోజు' అని ఆధారం ఇచ్చారు. మూడు గళ్లు. ఎంత గింజుకున్నా తట్టలేదు. ఆయనకు తెలుసని మొహం చూస్తేనే తెలిసిపోతోంది. కాసేపు నా అవస్థ చూసి, 'ఇంద్రుడి తోట' అన్న నిలువు ఆధారానికి 'నందనం' అని రాశాడు. నా మాట చివరి గడిలో 'నం' పడింది. అంతే, పెన్సిల్ నా చేతికిచ్చి, వచ్చిన బేరానికి తాడు కొలవడానికి లేచిపోయాడు. తిరిగొచ్చేసరికి నాకు 'దుర్దినం' దొరికింది. దొరికిన సంతోషం కన్నా కోపమే ఎక్కువగా ఉంది. ఇంత ఏడిపించే బదులు చెప్పేయొచ్చు కదా అని విసుక్కున్నాను.

"నాను సెప్పీసినాననుకో, అది నా మాటయిపోద్ది," అన్నాడు. "నీది నువ్వే ఎతుక్కోవాల."

ఎనభైల మొదట్లో నాన్నకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. మనుషుల్ని గుర్తుపట్టేవాడు, మేం చెప్పేది అర్థమయ్యేది, తను చెప్పబోతే మాత్రం మాట దొరికేది కాదు. సరిగ్గా అప్పుడే నాకు ఉక్కు కర్మాగారం ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. చేరాల్సిన గడువు దగ్గరపడుతోంది. నాన్నను లేపి కూర్చోబెట్టడం అమ్మ ఒక్కదానివల్ల అయ్యే పని కాదు. అందుకని చేరనని చెప్పేశాను. నాన్న మంచం పక్కన నిలబడే చెప్పాను.

అప్పటి నుంచి నన్ను చూసినప్పుడల్లా ఆయన ఏదో చెప్పబోయేవాడు. పెదవులు వణికేవి, మెడ నరాలు ఉబ్బేవి. నేనూ అమ్మా మీద పడేవాళ్లం. మంచినీళ్లా, దిండు సర్దాలా, కాళ్లు లాగుతున్నాయా అని గుక్క తిప్పుకోకుండా అడిగేవాళ్లం. తల అడ్డంగా ఊపి ఊపి అలిసిపోయేవాడు. కొన్నాళ్లకు ఆ ప్రయత్నం కూడా మానేసి గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. మనిషి మా కళ్లెదుటే ఉండి మాకు దూరమైపోతున్నాడని నాకు చెప్పలేనంత భయం వేసేది.

మావయ్య రోజూ వచ్చి చూసి పోయేవాడు. ఒక పొద్దున్న చంకలో పేపరుతో వచ్చి మంచం పక్కకు స్టూలు లాక్కున్నాడు. నాన్న నా వైపు తిరిగి మళ్లీ పెదవులు కదిపాడు. నీళ్లా నాన్నా అని నేను అడగబోతుంటే మావయ్య చెయ్యెత్తి ఆపాడు.

"ఆగమ్మా, నువ్వు అందించకు. బావనే ఎతుక్కోనీ."

ఆ తర్వాత నాన్నతో తాపీగా కబుర్లలో పడ్డాడు. ఒంట్లో నొప్పి గురించి చెప్పాలనా అన్నాడు. నాన్న తల అడ్డంగా ఊపాడు. పోర్టు సంగతా? అదీ కాదు. అమ్మాయి సంగతా అనేసరికి నాన్న కళ్లు మూసి తెరిచాడు. అమ్మాయికి ఉక్కు ఆఫీసులో పనొచ్చిందనీ, పొద్దున్నే బస్సుంటుందనీ, చేరనంటోందనీ ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చి, ఇక నోరు కట్టేసుకుని కూర్చున్నాడు. అరుగు మీద నా కోసం నిలువు మాటలు నింపిన మనిషి ఇప్పుడు నాన్న కోసం నింపుతున్నాడని నాకు అర్థమైంది.

అంతసేపు మాట్లాడకుండా ఉండటం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. అమ్మ అన్నం వార్చి వచ్చి గుమ్మంలో నిలబడింది. నాన్న గొంతులో గరగరమని శబ్దం పుట్టి ఆగిపోయింది. మళ్లీ పుట్టింది.

"ఎల్లు," అన్నాడు.

నా వైపు చూసి ఇంకోసారి అన్నాడు. ఇన్నాళ్లూ మేం నీళ్లూ దిళ్లూ అందించబోయిన మనిషి నన్ను ఉద్యోగానికి వెళ్లమంటున్నాడు. ఆయన కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాను. మావయ్య కళ్లద్దాలు తుడుచుకుంటూ, పొద్దుటిపూట బావ దగ్గర తనుంటానని, దుకాణం కొడుకు తెరుస్తాడని అమ్మతో చెప్పాడు.

నేను ఉద్యోగంలో చేరాను. నాన్న ఉన్నంతకాలం మావయ్య ఆ మాట నిలబెట్టుకున్నాడు. పజిలు మంచం మీదికి మారింది. నాన్నకు మాటలు కొన్నే తిరిగొచ్చాయి, కానీ వచ్చినవన్నీ ఆయన వెతుక్కున్నవే. ఆఫీసులో నా ఎదుట మాట తడబడి నిలబడిన వాళ్లు ఎందరో. వాళ్ల వాక్యం నేను పూర్తిచేయలేదు. నిదానం మనిషినని నాకు పేరొచ్చింది. పోనీలే అనుకున్నాను.

ఎనభైల చివర మావయ్య మంచం పట్టాడు. చూడ్డానికి వెళ్తే నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయాడు. మాట రాలేదు. నీళ్లా అబ్బా అని తండ్రి మీదికి కొడుకు వంగితే ఆగమన్నాను. తొందరేం లేదు మావయ్యా అన్నాను. ఆయన నా మొహంలోకి చూస్తూ వెతుక్కున్నాడు. చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను. నా చేతి మీద పట్టు సడలింది, ఆయన నిద్రలోకి జారుకున్నాడు. మర్నాడు కబురొచ్చింది.

చివరికి ఏం చెప్పబోయాడని ఆయన కొడుకు చాలాకాలం నన్ను అడిగాడు. దీవెన అయ్యుంటుందని మా అమ్మ అనేది. నేను మాత్రం ఇంతవరకూ ఏమీ ఊహించలేదు. అది మావయ్య మాట.