గార్డుగారింటికి పెళ్ళివారు

ఆ రోజుల్లో విజయవాడలో ఇల్లు కొనడం పండగ, అమ్మడం రహస్యం. కొన్నవాడు కొబ్బరికాయ కొట్టి వీధి వీధినంతా భోజనానికి పిలిచేవాడు. అమ్మేవాడు మాత్రం తలుపులు దగ్గరగా వేసుకుని బ్రోకరుతో గుసగుసలాడేవాడు. 'ఫలానావాళ్ళు ఇల్లు అమ్ముకుంటున్నారట' అనే మాట బయటికొస్తే చాలు, పాలవాడి దగ్గర్నుంచి వియ్యంకుడి దాకా అందరూ జాలిగా చూసేవాళ్ళు. ఇక గేటుకి బోర్డు కట్టడమా, అబ్బే! కొనేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే మా ఆఫీసుకి (అంటే జిరాక్సు షాపు పక్కన, ముగ్గురొస్తే ఒకరు బయట నిలబడాల్సిన గదికి) వచ్చేవాళ్ళు. అమ్మేవాళ్ళని మేమే వాసన పట్టాలి. తొంభైల చివర్లో నేను మా బాబాయి దగ్గర ఆ పనిలో చేరాను. నాకు డిగ్రీ ఉంది, లూనా ఉంది, నా అంత మాటకారి బెజవాడలోనే లేడన్న నమ్మకమూ ఉంది. లేనిదల్లా నేను సొంతంగా పట్టుకొచ్చిన ఇల్లు. "ఒరేయ్, దసరా లోపు ఒక్క ఇల్లు అమ్మకానికి తీసుకురా. లేదంటే ఆటోనగర్లో మీ నాన్న బేరింగుల కొట్లో కూర్చో," అని బాబాయి తేల్చిపారేశాడు. ఆ గ్రీజు వాసన తలుచుకుంటేనే నాకు అన్నం సయించేది కాదు.

వాస్తు పేరుతో గేటు మార్చినవాడు ఏడాది తిరక్కుండా ఇల్లే మారుస్తాడని నా సిద్ధాంతం. (అప్పట్లో ఆ పిచ్చి ముదిరి ఊళ్ళో సగం గేట్లు ఈ మూల నుంచి ఆ మూలకి తిరుగుతుండేవి.) సత్యనారాయణపురంలో ఒక రిటైర్డు రైల్వే గార్డుగారు గేటు మార్పించారని ఇస్త్రీ బండి అతను చెప్పగానే లూనా అటు తిప్పాను. పెళ్ళాం పోయి చాలా కాలమైన మనిషి, ఒక్కరే ఉంటారు. నాకంటే ముందు వెళ్ళిన బ్రోకర్లందరూ కూర్చోకుండానే "ఎంతకిస్తారండీ?" అని అడిగి తిట్లు తిని వచ్చినవాళ్ళే. నేను వెళ్ళేసరికి ఆయన మృదంగం వాయిస్తున్నారు. గూడ్సు బండి పట్టాలు మారుతున్నట్టుంది ఆ చప్పుడు. నేను మాత్రం కళ్ళు మూసుకుని తల ఊపుతూ చివరిదాకా విన్నాను. మర్నాడూ వెళ్ళి విన్నాను. అదే నా పెట్టుబడి. కొన్నాళ్ళకి ఆయనే తలుపు దగ్గరగా వేసి, "అబ్బాయ్, ఈ ఇల్లు అమ్మేసి కూచిపూడిలో చిన్న ఇల్లు తీసుకుని, ఈ విద్యేదో సరిగ్గా నేర్చుకుందామని ఉందయ్యా. కానీ మూడో కంటికి తెలియకూడదు. ముఖ్యంగా గుడివాడలో మా అక్కకి! నాన్న కట్టించిన ఇల్లిది. అమ్ముతున్నానని తెలిస్తే నన్ను బతకనివ్వదు," అన్నారు. "మీకెందుకండీ, నాకొదిలెయ్యండి," అన్నాను గుండె మీద చెయ్యేసుకుని.

ఆ గుండెలోంచి పుట్టిందే నా మహత్తరమైన ఆలోచన. కొనేవాళ్ళు చుట్టాల్లా వస్తే ఎవరికి అనుమానం? ఆదివారాలు మంచి బట్టలు కట్టుకుని, పళ్ళూ పూలూ పట్టుకుని, ఇంట్లో ఆడవాళ్ళతో సహా రమ్మని పార్టీలందరికీ చెప్పాను. వాళ్ళు అలాగే వచ్చారు. పట్టుచీరలు, యాపిల్ బుట్టలు, మల్లెపూలు. లోపలికెళ్ళి గదులన్నీ చూసి, కాఫీ తాగి, గడపలో నిలబడి "ఏ విషయమూ కబురు చేస్తాం," అని దణ్ణం పెట్టి వెళ్ళేవాళ్ళు. ఇదంతా ఎదురింటి పిన్నిగారు అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉంది. ఇల్లు అమ్మకం సంగతి ఆవిడకి తట్టనే లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. గార్డుగారికి మళ్ళీ పెళ్ళి సంబంధాలు చూస్తున్నారని మాత్రం వీధి వీధంతా ఖాయమైపోయింది.

ఆ కబురు గుడివాడ దాకా పాకింది. ఒక ఆదివారం గుడివాడ బస్సు దిగి, గొడుగు కర్రలా పట్టుకుని ఆయన పెద్దక్కగారు వచ్చేశారు. అప్పుడే నేను తెచ్చిన పార్టీ లోపలుంది. కొనేది ఒక బ్యాంకు ఉద్యోగి. వెంట వచ్చిన వాళ్ళక్క, పెళ్ళి చేసుకోని లెక్చరర్, చేతిలో బత్తాయిల సంచీతో ఎదురుపడింది.

"ఏవమ్మా, నువ్వేనా పెళ్ళికూతురివి?"

"నేనా? నేను వంటిల్లు చూడ్డానికొచ్చానండీ!"

"అప్పుడే వంటింటి దాకా వచ్చారుటే!"

గొడుగు పైకి లేచింది. గార్డుగారు స్తంభం చాటుకి వెళ్ళారు. నా కళ్ళ ముందు బేరింగుల డబ్బాలు వరసగా కనిపించాయి. మాటకారినని చెప్పానా, ఆ క్షణంలో నా నోటి నుంచి "అది కాదండీ... అది కాదండీ..." తప్ప ఇంకో ముక్క వస్తే ఒట్టు. చివరికి గార్డుగారే కళ్ళు మూసుకుని, "అక్కా, పెళ్ళీ లేదు, పెటాకులూ లేవు. ఇల్లు అమ్ముతున్నాను!" అని అరిచేశారు.

ఆవిడ గొడుగు దించి అక్కడే కుర్చీలో కూలబడ్డారు. "ఇల్లా? హమ్మయ్య! నా ప్రాణాలు తోడేశావు కదరా! అమ్ముకో, నీ ఇష్టం. ఇంతకీ ఎక్కడుంటావు?"

"కూచిపూడిలో. మృదంగం నేర్చుకుంటా."

"దీనికంటే ఆ పెళ్ళే నయం కదరా!"

ఇల్లు ఆ బ్యాంకు ఉద్యోగే కొన్నాడు. (వంటిల్లు వాళ్ళక్కకి నచ్చింది.) దసరాకి బాబాయి నన్ను ఆఫీసులో తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పెద్దక్కగారు పిలిచి, "అబ్బాయ్, గుడివాడలో నాదో డాబా ఉంది, అదీ చూడు. పళ్ళూ పూలూ మాత్రం వద్దు నాయనా," అన్నారు. ఎదురింటి పిన్నిగారు కూడా ఓ సాయంత్రం లూనా ఆపి, "మా ఇల్లు కూడా అలాగే ఎవరికీ తెలియకుండా..." అంటూ చెవిలో చెప్పింది. ఆ వీధిలో ఇక నేను ఎవరింటి తలుపూ తట్టలేదు, వాళ్ళే నా లూనా ఆపేవాళ్ళు.

ఇప్పుడు ఇళ్ళు ఫోన్లలో ఫోటోలై తిరుగుతున్నాయి. అమ్మకాలు ఎలా పట్టాలో కొత్త కుర్రాళ్ళకి నేనే పాఠాలు చెబుతున్నాను. "బోర్డు పెట్టండయ్యా, సిగ్గెందుకు?" అని గట్టిగానే చెబుతాను. మొన్న మా సొంత ఇల్లు అమ్మి ఫ్లాటుకి మారదామనుకుని ఒక కుర్ర ఏజెంటుని పిలిచాను. వాడు గేటు దగ్గర బోర్డు కట్టబోతే నా చెయ్యి దానంతట అదే అడ్డం వెళ్ళింది. తలుపు దగ్గరగా వేసి, "అది వద్దు బాబూ. వచ్చేవాళ్ళని చుట్టాల్లా రమ్మను," అన్నాను గుసగుసగా. నాకే నవ్వొచ్చింది.

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "పళ్ళూ పూలతో మాత్రం రానివ్వకండి. నేనింకా బతికే ఉన్నాను."