మధ్యగదిలో నిచ్చెన పట్టుకున్నదెవరు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. పిల్లలు ఎవరైనా చీకట్లో ఏదో కనిపించిందని వస్తే, అది ఎంత ఎత్తుందో, ఎంత దూరంలో ఉందో రాసుకుని రమ్మనేదాన్ని. మర్నాటికి ఎవరూ రాసుకొచ్చేవాళ్ళు కాదు. అలాంటి నేనే ఇది రాయాల్సి వస్తుందని అనుకోలేదు.

తొంభైల చివర్లో మేం కొత్తపేటలో ఇల్లు కొన్నాం. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఏడు అద్దె ఇళ్ళు మారాం. చివరి ఇంటాయన గోడకి మేకు కొట్టనిచ్చేవాడు కాదు. క్యాలెండరు కూడా తలుపు గొళ్ళేనికి తగిలించుకునేవాళ్ళం. అందుకే సొంత గోడలంటే నాకు అంత ఆశ.

అది పాత పెంకుటిల్లు. ఎర్రటి నున్నని గచ్చు, పెరట్లో నాలుగు కొబ్బరిచెట్లు, ఓ నుయ్యి. నాలుగేళ్ళుగా తాళం వేసి ఉంది. అందుకు కారణం మధ్యగది.

ఆ గదిలో పడమటి గోడ పెంకుల కప్పు దాకా త్రికోణంలా లేచి ఉంటుంది. మధ్యలో పదిహేడు అడుగుల ఎత్తు. పాత యజమాని రంగులు వేయిస్తుంటే ఆ గోడ దగ్గరే నిచ్చెన జారి ఒక పనివాడి చెయ్యి విరిగిందట. కొన్నాళ్ళకి మరొకాయన కూడా అక్కడే పడ్డాడట. సగం గీకిన గోడని అలాగే వదిలేశారు. ఆ గది మనిషిని నిలవనివ్వదని ఊళ్ళో మాట పుట్టింది.

మేం పిలిపించిన రంగుల మేస్త్రి ఇల్లంతా తిరిగి చూశాడు. మధ్యగది గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"మిగతా గదులన్నీ చేసి పెడతామండి. ఇదొక్కటీ మమ్మల్ని అడక్కండి," అన్నాడు.

ఆ మాట మా అత్తయ్యగారి చెవిన పడింది. మామగారు పోయిన దగ్గర్నుంచీ ఆవిడ మా దగ్గరే ఉంటున్నారు. కొబ్బరితోట పనులు చేయించి, పది మంది కూలీలని నడిపించిన మనిషి. మాటంటే మాటే.

"ఆ గది పూర్తయ్యేక కబురు చెయ్యండి. అప్పటిదాకా నేను ఆ గడప తొక్కను," అనేశారు.

గృహప్రవేశానికి ఐదు వారాలుంది, అప్పటిదాకా అద్దె ఇంట్లోనే ఉన్నాం. స్కూలుకి వేసవి సెలవులు. నాకు పౌరుషం వచ్చింది. ఏ గదికీ మేస్త్రి వద్దు, మనమే వేసుకుందామన్నాను. మావారు పోస్టాఫీసులో గుమాస్తా, కుంచె పట్టి ఎరగరు. ముందు నవ్వారు. సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూ గోడలు గీకడానికి అర డజను ఉప్పుకాగితాలు కొనుక్కొచ్చారు.

మొదటి గది గీకడానికే మూడు రోజులు పట్టింది. తెల్ల సున్నం కింద ఆకుపచ్చ, దాని కింద నీలం, దాని కింద పసుపు. ఎన్ని కుటుంబాలు ఎన్ని పండగలకి వేయించుకున్న రంగులో అవన్నీ. గోడ గుంతలు పూడ్చడానికి మేం పెట్టిన మొదటి లప్పం దోసె మాడినట్టు పెచ్చులుగా ఊడిపోయింది. రెండోసారి గోడని బాగా తడిపి పెట్టాం, నిలిచింది. డిస్టెంపరు కలపడం కూడా నేర్చుకున్నాను. తెల్లటి రంగులో పసుపు చుక్కలు, ఒకే ఒక్క ఎర్ర చుక్క. గుమ్మడిపువ్వు రంగు వచ్చింది.

మావారి పాత ప్యాంటూ చొక్కా వేసుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని పని చేసేదాన్ని. ఎదురింటావిడ చూసి, "టీచరుగారు నిచ్చెనెక్కేరంట," అని వీధంతా చెప్పింది. ఆ తర్వాత నుంచి వీధి తలుపు లోపల గడియ పెట్టుకుని మరీ ఎక్కేదాన్ని. మూడు వారాల్లో వంటగది, ముందుగది, పడకగది అయిపోయాయి. చేతులకి బొబ్బలు, గోళ్ళ నిండా రంగు. అయినా పొద్దున్నే ఆ గోడల మీద ఎండ పడితే కాసేపు అలా చూస్తూ నిలబడిపోయేదాన్ని.

మిగిలింది మధ్యగది. మూడు గోడలు ఆదివారం ఇద్దరం కలిసి పూర్తి చేశాం. పడమటి గోడ కూడా అందినంత మేర అయింది. పైనున్న త్రికోణం మిగిలింది. వచ్చే ఆదివారం తను నిచ్చెన పట్టుకుంటానని, ఒక్కదాన్నే ఎక్కొద్దని మావారు చెప్పి వెళ్ళారు.

నేను ఆగలేకపోయాను. బుధవారం మధ్యాహ్నం, రెండు కాబోతోంది. వీధి తలుపు గడియ పెట్టాను. వడ్రంగిగారి దగ్గర తెచ్చిన పొడవాటి వెదురు నిచ్చెనని కిటికీ పక్కగా వేసి, జారకుండా కాళ్ళ కింద గోనెపట్టా మడిచి పెట్టాను. రంగు డబ్బా పై మెట్టుకి తగిలించి, అటూ ఇటూ అందేలా కర్రకి కట్టిన కుంచెతో ఎక్కాను.

కప్పుకి దగ్గరగా వేడిగా ఉంది. నాలుగు కుంచెలు వేశానో లేదో, కింద గోనె కదిలింది. నిచ్చెన జానెడు వెనక్కి జారింది. గోడ నా మొహం ముందు నుంచి పైకి లేచినట్టయింది. చేతికందిన మెట్టు పట్టుకుని వేలాడాను.

అంతలో నిచ్చెన టక్కున నిలబడిపోయింది. ఎవరో రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నట్టు. అంతకుముందు అడుగు తీసి అడుగు వేస్తే ఊగే నిచ్చెన, ఇప్పుడు భూమిలో పాతినట్టు ఉంది.

తల తిప్పే ధైర్యం లేదు. పెరటి తలుపు తీసే ఉందనుకున్నాను. మావారు డ్యూటీలో ఉన్న ఈ వేళప్పుడు ఇటు వస్తే గిస్తే ఒక్క అత్తయ్యగారే రావాలి. పంతం వదిలి వచ్చారనుకుంటే కళ్ళ నీళ్ళు తిరిగాయి.

"వచ్చేరా అత్తయ్యగారూ?" అన్నాను.

"ఆయ్," అని అవునన్నట్టు వినిపించింది. మెల్లగా, దగ్గరగా.

"వదిలెయ్యకండేం."

"ఆయ్."

ఇక రంగు వేస్తూ మాట్లాడటం మొదలుపెట్టాను. ఎదురుగా గోడ తప్ప మనిషి మొహం లేకపోవడం వల్లేమో, పద్నాలుగేళ్ళుగా అనలేనివన్నీ వచ్చేశాయి. మీరు రానంటే నాకు ఎంత కష్టమేసిందో తెలుసా అన్నాను. ఈ గదంటే నాకూ లోపల భయమేనని, పైకి చెప్పుకోలేదని అన్నాను. మీరు లేకుండా పాలు పొంగిస్తే అది నా ఇల్లు అనిపించదని కూడా అన్నాను. కింద పట్టు సడలలేదు. దాదాపు గంటసేపు. ఒక చెయ్యి చాచి ఆ చివర దాకా వేశాను, నిచ్చెన వెంట్రుకవాసి కదల్లేదు.

"అయిపోయిందండీ, దిగుతున్నాను."

"ఆయ్."

నా పాదం గచ్చుకి తగిలేదాకా ఆ పట్టు ఉంది. వెనక్కి తిరిగాను. గదిలో ఎవరూ లేరు.

పెరట్లోకి వెళ్ళారేమోనని చూడబోతే పెరటి తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. పొద్దున గచ్చు కడిగి నేనే వేశానని అప్పుడు గుర్తొచ్చింది. వీధి తలుపు గడియ కూడా నేను పెట్టినట్టే ఉంది. గదిలోకి తిరిగి వచ్చాక చూశాను, నిచ్చెన రెండో మెట్టుకి కొబ్బరితాడు కట్టి ఉంది. ఆ తాడు రెండో కొస కిటికీ ఊచకి బిగించి ఉంది. ఎక్కేటప్పుడు అది లేదు. గోనె మడిచింది నా చేత్తోనే, ఆ మెట్టు పక్కనే కూర్చుని. తాడుంటే కనపడకుండా ఉండదు. మిగతాదంతా భ్రమ అనుకుందామన్నా, తాడు చేతికి తగులుతోంది.

చీర కట్టుకుని రెండు వీధుల అవతల ఉన్న మా అద్దె ఇంటికి వెళ్ళాను. అత్తయ్యగారు అరుగు మీద కూర్చుని పక్కింటావిడతో కలిసి అప్పడాలు ఒత్తుతున్నారు. భోజనాలయిన దగ్గర్నుంచీ ఇద్దరూ అక్కడి నుంచి లేవలేదని ఆవిడే చెప్పింది. ఆవిడ వెళ్ళాక జరిగింది జరిగినట్టు చెప్పాను. నేను పైనుంచి అన్న మాటలు కూడా ఒక్కటీ దాచలేదు. చెబుతున్నంతసేపూ అత్తయ్యగారు పీట మీదున్న అప్పడం వంకే చూస్తూ ఉన్నారు.

"ఏమందన్నావు?" అని అడిగారు చివరికి.

"ఆయ్ అంది."

"నేను నీకెప్పుడైనా ఆయ్ అన్నానా?"

అనలేదు. ఆయ్ అంటే మా వైపు పెద్దవాళ్ళకి మర్యాదగా చెప్పే అవును, అత్తగారు కోడలికి అలా అనరు. ఊఁ అంటారు. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

"ఇంటావిడ పని చెప్తే అంటారు ఆయ్ అని. అదేదో గాని, నిన్ను ఇంటావిడ కింద లెక్కేసింది. పడెయ్యకుండా పట్టుకుంది. ఇంక నాకు భయమేంటి? పద," అని చేతులు కడుక్కుని లేచారు.

ఆవిడ ముందు నడిచారు, నేను వెనక నడిచాను. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, కుడికాలు పెట్టి నేరుగా మధ్యగదిలోకి వెళ్ళారు. తలెత్తి ఆ గోడంతా చూశారు. కిటికీ పక్కన కుంచె తగలని చిన్న మరక కనిపిస్తే, అక్కడున్న కుంచె తీసుకుని తనే దిద్దేశారు.

"నే నోటికొచ్చినట్టు అనేసేనే, సత్యవతీ," అన్నారు, గోడ వైపే చూస్తూ. ఆవిడ నోట అలాంటి మాట అదే మొదటిసారి వినడం.

మావారు వచ్చి తాడు చూశారు. తను కట్టలేదన్నారు, కట్టడం రాదన్నారు. మర్నాడు గోడ అయిపోయిందని తెలిసి మేస్త్రి చూడటానికి వచ్చాడు. తాడు విప్పబోయి ఆగాడు.

"ఎవరండీ కట్టింది? ఇది ఎత్తు గోడలకి వెదుళ్ళతో పరంజాలు కట్టేవాళ్ళ ముడి. ఇప్పుడు మా కుర్రాళ్ళకి కూడా రాదు."

తెలీదన్నాను. అతను చాలాసేపు తల పైకెత్తి త్రికోణం చూసి, తలుపులకీ కిటికీలకీ ఎనామిల్ తన మనుషులు వేస్తారన్నాడు. అక్కర్లేదు, అవీ మేమే వేసుకుంటామన్నాను. వేసుకున్నాం కూడా. తలుపులకి ఆకుపచ్చ రంగు అత్తయ్యగారు ఎంచారు.

గృహప్రవేశం రోజు పాలు మధ్యగదిలోనే పొంగించాలని ఆవిడే పట్టుబట్టారు. వచ్చిన చుట్టాలందరినీ పడమటి గోడ ముందు నిలబెట్టి, "మేస్త్రులే మావల్ల కాదన్న గోడండి ఇది. మా కోడలు వేసింది," అని చెప్పారు. ఎదురింటావిడ నన్ను పక్కకి పిలిచి ఆ రంగు ఎలా కలపాలో అడిగింది.

ఏడేళ్ళ తర్వాత ఆ గోడకి మళ్ళీ రంగు వేశాను. ఆసారి కింద నిచ్చెన పట్టుకున్నది నిజంగా అత్తయ్యగారే. ఆవిడ సత్తువ కొద్దీ పట్టుకున్నా ప్రతి అడుగుకీ నిచ్చెన ఊగుతూనే ఉంది. పై మెట్టు మీద నిలబడి ఎంతసేపు ఆలోచించినా, మొదటిసారి అది అంత కదలకుండా ఎలా నిలబడిందో నాకు అంతు చిక్కలేదు. ఇవాళ్టికీ చిక్కలేదు.