కాజా అక్క ఓటు

చొక్కాకు కాజా కోయడమంటే వెనక్కి తీసుకోలేని పని. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, గుండీ వంకరైతే పీకి మళ్ళీ కుట్టుకోవచ్చు. కాజా మాత్రం తప్పు చోట కోశామా, ఆ చొక్కా ఇక గుడ్డపీలికే. ముప్పై నాలుగేళ్ళలో ఒక్క కాజా కూడా తప్పు కోయని మనిషి ఆమె. అందుకే వీధిలో పెద్దా చిన్నా అందరికీ ఆమె కాజా అక్క. పక్కపీట మీద కూర్చుని అవే చొక్కాలకు గుండీలు కుట్టే ఆమె చెల్లెలు గుండీ అక్క.

ఇద్దరూ కవలలు. పావుగంట తేడా. ఆ పావుగంట పెద్దరికాన్ని కాజా అక్క యాభై ఎనిమిదేళ్ళపాటు ఒక్కరోజు కూడా వదులుకోలేదు. ముఖాలు అచ్చు గుద్దినట్టుండేవి. వయసులో ఉండగా పెళ్ళి మాట ఎత్తుకుని వచ్చిన ఒకాయన, తనకు నచ్చింది ఎవరో చెప్పలేక నీళ్ళు నమిలి, వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. ఆ తర్వాత వచ్చినవాళ్ళను వీళ్ళే రానివ్వలేదు.

ముఖాలు కలిసినట్టు మాటలు మాత్రం కలిసేవి కావు. ఎన్నికలొస్తే ఆ ఒంటిగదిలో యుద్ధమే. అక్క ఒక గుర్తంటే చెల్లెలు ఎదుటి గుర్తు. ఓటు రోజున ఇద్దరూ తలదువ్వుకుని, కలిసి నడిచి, వరసలో ఒకరి వెనక ఒకరు నిలబడి, చెరొకరికి వేసి వచ్చేవాళ్ళు.

"నీది నేను కొట్టేశా, నాది నువ్వు కొట్టేశావు. చెల్లుకు చెల్లు. ఈమాత్రం దానికి కాళ్ళు నొప్పులు పుట్టేలా నిలబడటం ఎందుకే?" అని చెల్లెలు నవ్వేది.

"అయితే నువ్వు ఇంట్లో పడుకో, నేను వెళ్ళొస్తా" అనేది అక్క. ఏ ఎన్నికకూ ఎవరూ పడుకున్నది లేదు.

ఆ చెల్లెలు మొన్న వానల్లో జ్వరమని పడుకుంది. పదకొండో రోజున పోయింది.

పోయినవాళ్ళ పేరు ఓటర్ల జాబితాలో ఉండకూడదని ఎవరో చెబితే, నెల తిరక్కముందే కాజా అక్క వెళ్ళి ఫారం నింపి ఇచ్చి వచ్చింది. ఎన్నికలు దగ్గరపడ్డాక, బట్టలిచ్చే దర్జీ మాస్టారు అడిగాడు.

"అక్కా, జాబితాలో పేరు చూసుకున్నావా? దిద్దుబాట్లకు రేపే ఆఖరు."

"నా పేరెక్కడికి పోతుంది మాస్టారూ, కాళ్ళున్నాయా దానికి?" అంది గానీ, మర్నాడు పొద్దున్నే కార్డులున్న సంచి పట్టుకుని వెళ్ళింది.

కార్యాలయంలో గుమాస్తా నంబరు కొట్టి చూశాడు. మళ్ళీ కొట్టాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది తీసేశారమ్మా. కారణం మరణం అని ఉంది."

"మరణించింది మా చెల్లెలు బాబూ."

"ఆవిడ పేరు భద్రంగా ఉందమ్మా."

బీరువా వెతికి, ఆమె ఇచ్చిన ఫారమే తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆమె చేతిరాతే. చనిపోయినవారి వివరాలు అన్న పై గడిలో తన పేరు, తన నంబరు. అర్జీదారు అన్న కింది గడిలో చెల్లెలిది. బడిలో చేరినప్పటి నుంచి ఇద్దరి కాగితాలూ ఆమే నింపేది. ఏ కాగితం మీదైనా ముందు పెద్దదాని పేరు, తర్వాత చిన్నదాని పేరు. ఆ రోజు కళ్ళు చదివింది ఒకటి, అలవాటుపడ్డ చెయ్యి రాసింది ఇంకొకటి. కింద పెట్టింది తన సంతకమే, అది అర్జీదారు పేరుతో సరిపోయిందో లేదో అక్కడ చూసినవాడూ లేడు.

ఒక్క కాజా తప్పు కోయని మనిషి తన పేరునే కోసేసుకుంది.

గుమాస్తా చెడ్డవాడు కాదు. పని తగ్గితే సంతోషించే మనిషి, అంతే. గొంతు తగ్గించి అన్నాడు: "మీ పేరు మళ్ళీ ఎక్కించాలంటే రెండు ఫారాలు. పోయినావిడ గురించి మళ్ళీ మొదటి నుంచీ రాసివ్వాలి. ఇంటికి మనిషొచ్చి అడుగుతాడు. ఎందుకమ్మా ఈ తిప్పలు? ముఖం ఒకటే కదా. ఈసారికి ఆవిడ కార్డుతో వేసెయ్యండి. ఎవరడుగుతారు?"

నిజమే, ఎవరూ అడగరు. సంచిలో రెండు కార్డులూ ఉన్నాయి. ఆమె చెల్లెలి కార్డు తీసి చూసింది. చూస్తున్నకొద్దీ ఆశ పుట్టింది. ఊరికే ఉంటే చాలు, ప్రభుత్వం లెక్కలో చెల్లెలు బతికే ఉంటుంది. పోయేది తనేగా.

కానీ ఆ కార్డుతో ఏ గుర్తుకు వేయాలి? తన గుర్తుకు వేస్తే, బతికున్నంతకాలం ఒప్పుకోనిదాన్ని పోయాక ఒప్పించినట్టు. అది దొంగతనం. దానికిష్టమైన గుర్తుకు వేస్తే, మరి తన మాట ఏమైనట్టు? వింటే గుండీ అక్క ఎంత వెక్కిరించేదో!

"ఫారాలివ్వు బాబూ" అంది.

కలం చేతికొచ్చింది గానీ కదల్లేదు. ఒకసారి రాసిందే, అయినా అది తనని తానే పోయినట్టు రాసుకోవడం. చెల్లెలు లేదని రాయడం ఇదే మొదటిసారి. పై గడిలో, తను ఎప్పుడూ ఉండే చోట, చెల్లెలి పేరు ఒక్కొక్క అక్షరమే రాసింది. కింద తన పేరు రాసింది. ఏమవుతారు అన్నచోట అక్క అని రాసింది. గుమాస్తా గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికి మనిషొచ్చి రెండు పీటలనూ చూసి వెళ్ళాడు. పేరు ఎక్కింది.

ఓటు రోజున తలదువ్వుకుని ఒక్కతే నడిచింది. వరసలో రెండుసార్లు వెనక్కి తిరిగింది. వెనక ఎవరో కొత్తమనిషి. వేలికి సిరా పెట్టించుకుని, తన గుర్తుకు తను వేసి ఇంటికొచ్చింది.

పీట మీద కూర్చుని, చొక్కా ఒళ్ళోకి తీసుకుని, ఎప్పటిలాగే పక్కకు తిరిగి, "నీది కొట్టేశానే" అనబోయింది.

కొట్టేయడానికి అవతల ఓటు లేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె ఓటు కొట్టుడుపోకుండా నిలబడింది. వేలి మీద సిరా చూసుకుంటూ, చొక్కా కాలరు తడిసిపోయేదాకా ఏడ్చింది.