రంగు చుక్కలూ, మళ్ళీ మాస్టారూ

మాస్టారికి లోకంలో ఒకే ఒక్క జబ్బు. ఎవరైనా ఏదైనా బిగిస్తే ఆయన విప్పుతారు. విప్పి, లోపలికి తొంగి చూసి, "ఊఁ" అని, మళ్ళీ బిగిస్తారు. ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పిన మనిషికి చివరికి దక్కిన బిరుదు "మళ్ళీ మాస్టారు".

ఎవరైనా కుళాయి కట్టేస్తే ఆయన వెళ్ళి ఓసారి తిప్పి మళ్ళీ కట్టేవారు. ఫ్లాస్కు మూత సంగతి సరేసరి, ఆ ఇంట్లో వేడి కాఫీ తాగినవాళ్ళు లేరు. ఓసారి కంటి డాక్టరు కొత్త కళ్ళజోడు చేతిలో పెడితే, అక్కడే కూర్చుని జేబులోంచి బుల్లి స్క్రూడ్రైవరు తీసి రెండు కాడలూ ఊడదీశారు. డాక్టరు నోరు తెరిచాడు. "కంగారుపడకండి డాక్టరుగారూ, మళ్ళీ బిగిస్తాగా" అన్నారు మాస్టారు. తీరా కళ్ళజోడు లేక ఆ స్క్రూలు ఆయనకు కనబడలేదు. పాపం, డాక్టరే నేలమీద పాకి వెతికి ఇచ్చాడు.

ఇలాంటి మనిషి ఇంటి షెడ్డులో కారు తయారు చేయడమంటే మాటలా? మూడు తుక్కు కార్లలోంచి ఒక కొత్త కారు. చట్రం ఒకదానిది, ఇంజను ఇంకోదానిది, తలుపులు మూడోదానివి. పనివాళ్ళూ ముగ్గురే. మాస్టారు, ఎలక్ట్రీషియను పని చేసే ఆయన బావమరిది, పక్కవీధి టైలరు. ఆదివారమంతా ముగ్గురూ కలిసి బిగించేవారు. సోమవారం మాస్టారొక్కరే కూర్చుని విప్పి, మళ్ళీ బిగించేవారు. ఇలా రెండేళ్ళు గడిచాయి.

"మనం కారు చేస్తున్నామా బావా, మీరు విప్పుకోవడానికి ఆటసామాను చేస్తున్నామా?" అని బావమరిది నెత్తి కొట్టుకునేవాడు.

"తొందరేముందోయ్? మళ్ళీ ఒక్కసారి చూస్తే పోలా?"

"అక్కా, ఈయన్ని ఎలా భరిస్తున్నావే నువ్వు?"

"నా ఒంట్లో ఎక్కడా మరలు లేవు కాబట్టి బతికిపోయాన్రా" అనేది మాస్టారి భార్య.

ఈ గోలలో నోరెత్తనివాడు టైలరొక్కడే. ఎంత ఓర్పో అని అందరూ మెచ్చుకునేవారు. నిజానికి అది ఓర్పు కాదు. ఏడాది క్రితం మెట్లమీద జారిపడి అతని కుడి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ పట్టు తిరిగి రాలేదు. సూది ఆడుతుంది, కత్తెర ఆడుతుంది. పానా పట్టి గట్టిగా లాగబోతే మాత్రం వేళ్ళు మొండికేస్తాయి. ఆ సంగతి చెబితే "నువ్వలా కూర్చో అన్నయ్యా, మేం చూసుకుంటాంలే" అంటారని అతని భయం. వారమంతా కుట్టుమిషను ముందు వంగి కూర్చునే మనిషికి ఆ ఆదివారాలే ప్రాణం. అందుకని బిగించినట్టు ముఖం పెట్టి, సోమవారం మాస్టారు చూసుకుంటారులే అని గుండెలమీద చెయ్యి వేసుకుని నిద్రపోయేవాడు.

ఎట్టకేలకు కారును రవాణా ఆఫీసుకు తనిఖీకి తీసుకెళ్ళే రోజు ఖాయమైంది. దానికి ముందురోజు బావమరిది మూడు రంగు సీసాలతో దిగాడు.

"ఇహ చాలు బావా. ఎవరు బిగించిన నట్టు మీద వాళ్ళు రంగు చుక్క పెట్టాలి. సగం నట్టు మీద, సగం దాని పక్కన. ఎవరైనా విప్పారో, చుక్క రెండు ముక్కలై దొరికిపోతారు. నాది ఎరుపు, మీది నీలం, అన్నయ్యది పసుపు. రేపు తొమ్మిదింటికి తనిఖీ. ఒక్క చుక్క చెదిరిందా, నేను మళ్ళీ ఈ షెడ్డు గడప తొక్కను!"

మాస్టారు బొమ్మ లాక్కున్న పసివాడిలా ముఖం పెట్టారు. టైలరు ముఖం అంతకంటే అన్యాయంగా ఉంది. అతని వంతుకొచ్చింది ముందు ఎడమ చక్రమూ, దాని బ్రేకూను. వదులు నట్ల మీద పసుపు చుక్కలు పెట్టి ఇంటికెళ్ళాడే గానీ, కళ్ళు మూస్తే చాలు, చక్రం ఊడిపోయి రోడ్డుమీద కారుకంటే ముందు పరిగెడుతూ కనిపించింది. పరువు పోతే పోయింది, మనుషులు బతకాలి కదా అనుకుని, తెల్లారగానే నిజం చెప్పేయడానికి షెడ్డుకు బయల్దేరాడు.

షెడ్డులో కారు కిందనుంచి రెండు కాళ్ళు బయటికి కనిపిస్తున్నాయి. పక్కనే పసుపు సీసా, కుంచె.

"మాస్టారూ!"

"ష్! మా బావమరిది ముందుగదిలో పడుకున్నాడు" అంటూ మాస్టారు బయటికి పాకివచ్చారు.

"నా నట్లు వదులని మీకు తెలుసా?"

"ఏడాదినుంచీ తెలుసు. సూది పడితే కూనిరాగం తీస్తావు, పానా పడితే పళ్ళు కొరుకుతావు. నీవి మాత్రమే విప్పితే నీకు తెలిసిపోతుందని అందరివీ విప్పాను."

"మరి మీ జబ్బు?"

"జబ్బు మొదట్నుంచీ ఉన్నదేనయ్యా. దానికీ ఓ పని దొరికింది, అంతే."

టైలరు అక్కడే నేలమీద కూలబడ్డాడు. ఏడాదిగా గుండెమీద మోస్తున్న బండ దిగిపోయి, ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ కాస్త కాస్త చేశాడు. మాస్టారు చూడనట్టు అటు తిరిగి, బల్ల కిందనుంచి మూరెడు ఇనుప గొట్టం తీశారు.

"ఇది పానా పిడికి తొడిగి, రెండు చేతులతో పట్టుకుని ఒంటి బరువు వెయ్యి. పట్టుతో పనిలేదు. ఎనిమిది నెలల కిందటే కోసి పెట్టాను."

"అప్పుడే ఇవ్వలేకపోయారా?"

"ఇస్తే నాకు తెలుసని నీకు తెలిసిపోదూ!"

చివరి పసుపు నట్టు టైలరే బిగించాడు. అది కిర్రుమని మూలిగి, ఇక కదలనంది. తన చుక్క తనే పెట్టుకున్నాడు.

"ఇంకో సంగతి" అన్నారు మాస్టారు గొంతు తగ్గించి. "ఎర్ర చుక్కవి నాలుగు వదులుగా ఉన్నాయి. బిగించి, మళ్ళీ చుక్కలు పెట్టేశాను. వాడితో అనకు, చిన్నబుచ్చుకుంటాడు."

తొమ్మిదింటికి తనిఖీ అధికారి కారు కింద దూరి, సుత్తితో ప్రతి నట్టునూ తట్టి చూశాడు. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. ముప్పావుగంటకు ఆయన బయటికొచ్చి, "శుభ్రంగా బిగించారే" అంటూ సంతకం పెట్టాడు. ముగ్గురి ఊపిరీ ఒక్కసారే వదిలింది.

బావమరిది ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "చూశారా, ఒక్క చుక్క చెదరలేదు! మొత్తానికి బావ జబ్బు నేనే కుదిర్చాను. అయినా నా ఎర్రవి చూశావా అన్నయ్యా, మళ్ళీ చూడాల్సిన అవసరం ఉందా వాటిని?"

మాస్టారు తలొంచుకుని, జబ్బు కుదిరిన రోగిలా బుద్ధిగా నిలబడ్డారు. టైలరు ఆయన వంక చూశాడు, బావమరిది వంక చూశాడు.

"నీ చేతి బిగువే వేరు తమ్ముడూ" అన్నాడు.