పోచయ్య పాతిన ఎలుకలు

శేరిలింగంపల్లి దగ్గర మా పరిశోధనశాలలో ఎలుకల బోనులు కడిగేది పోచయ్య. తొంభై ఎనిమిదిలో మా డైరెక్టరు సిగ్గు లేకుండా, క్యాన్సర్‌కి మందు కనిపెట్టానని పేపర్లో ఫొటో వేయించుకున్నాడు. ఆ మందు పనిచేయదని మా ల్యాబులోనే పనిచేసే శాస్త్రవేత్త ఆమని రెండేళ్ల ముందే జర్నల్లో రాసింది. నలభై మంది శాస్త్రవేత్తలు తమ వ్యాసాల్లో ఆమె రాసినదాన్ని ఉదహరించారు. ఊళ్లో ఎవడికి తెలుసు? పేపర్ కటింగును డైరెక్టరు హుకుం మీద మైదా జిగురుతో గేటుకి అంటించింది కూడా పోచయ్యే.

నెల తిరక్కుండానే అతని చెల్లెలు కనకలక్ష్మి, దవాఖానలో తన క్యాన్సర్‌కి ఆపరేషన్ వద్దని చెప్పి, అదే కటింగు పట్టుకుని వచ్చింది. "పేపర్ల పడ్డది గదన్నా!"

పోచయ్య తిన్నగా డైరెక్టరు గదిలోకి పోయాడు.

"ఆ మందు తాగిన ఎలుకలన్నిటిని పాతిపెట్టింది నేనే సారూ. ఇగ నా చెల్లెను గూడ నేనే పాతిపెట్టాల్నా?"