నాలుగు మూలల బొట్లు

ఎక్కడ స్టిక్కర్ కనబడినా నా గోరు దాని అంచు మీదికి పోతుంది. నరసరావుపేటలో స్టిక్కర్ల షాపు పెట్టాక పట్టుకున్న రోగం ఇది. అంటించడం పెద్ద పనేం కాదు, అంతకుముందు రేకును సిద్ధం చేయడమే పని. నున్నగా మెరిసే స్టీలుకు ప్లాస్టిక్ ఫిల్మ్ పట్టదు. ఎమరీ కాగితంతో సన్నగా రుద్ది, థిన్నర్‌తో తుడిచాక వేలు కూడా తగలనివ్వకూడదు. ఆ కాస్త జిడ్డు చాలు, ఎండకు అంచు లేచిపోతుంది.

పిన్ని పోయినప్పుడు, శిల్పులుండే దుర్గిలో ఆమె బొమ్మ రాతి మీద చెక్కిద్దామన్నారు చుట్టాలు. రాతి మీద ఆమె ఆకుపచ్చ చీర రంగు రాదని బాబాయి ఒప్పుకోలేదు. మాచర్ల దగ్గర పొలంలో, సమాధి దగ్గర పెట్టడానికి స్టీలు పలక మీద ఫొటో వేయమని నాకే చెప్పాడు. పెద్దకర్మ నాటి పొద్దున వాళ్ళ అరుగు మీద పలక రుద్ది, తుడిచి, ఫొటో ప్రింటు వేసిన ఫిల్మ్ తేవడానికి బండి దగ్గరికి వెళ్ళాను. వచ్చేసరికి మా అమ్మ నాలుగు మూలలా పసుపూ కుంకుమా పెట్టేసింది. కొత్త వస్తువు కదా! పైగా నీళ్ళతో కలిపితే స్టీలు మీద నిలవదని నూనె చుక్క వేసిందట.

నాకు ఒళ్ళు మండింది. థిన్నర్ గుడ్డ చేతిలోకి తీసుకున్నాను. కానీ పిన్ని ముత్తైదువగా పోయింది. ఆమె కోసం తోడికోడలు పెట్టిన బొట్టును చుట్టాలందరి ముందూ తుడవడానికి చెయ్యి రాలేదు. పొడిగుడ్డతో పైపైన అద్ది, వాటి మీదే అంటించేశాను. తప్పని తెలిసే చేశాను.

ఎండలు ముదిరినకొద్దీ కాలుగాలిన పిల్లిలా తిరిగాను. షాపులో కూర్చుంటే ఆ మూలలే కళ్ళముందు. చివరికి కొత్త ప్రింటూ థిన్నర్ సీసా తీసుకుని పొద్దున్నే పొలానికి వెళ్ళాను. బాబాయి అప్పటికే పలక ముందు కూర్చుని, లేచిన మూలలను బొటనవేలితో ఒక్కొక్కటే నొక్కుతున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. జరిగింది చెప్పి, గంటలో మళ్ళీ గట్టిగా అంటిస్తానన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. "ఇప్పుడొద్దులేరా. నువ్వు గట్టిగా అంటిచ్చి పోతే, రోజూ పొద్దున్నే ఈడికొచ్చి నేను చేసే పనేముంది?" అన్నాడు.

సీసా మళ్ళీ సంచిలో పెట్టుకున్నాను. వాన పడితే మూలల్లోంచి నీళ్ళు దిగి పిన్ని ముఖం ఉబ్బిపోతుందని నాకు తెలుసు, ఆయనకు తెలియదు. అందుకే ఇంకో పలక రుద్ది, తుడిచి, కాగితం చుట్టి షాపులో ఉంచాను. మబ్బు పట్టినప్పుడల్లా బయటికి వచ్చి మాచర్ల వైపు చూస్తాను. ఆ పలకను మా అమ్మను కూడా ముట్టుకోనివ్వను.